చెయ్యెత్తే ఆవిడ

మూడు రోడ్లు కలిసే మూల మీద ఒక అద్దాల ఆఫీసు ఉంది. నాలుగంతస్తులు. దానికి ఎదురుగా బస్‌స్టాపు. మిగతా రోజుల్లో ఆ స్టాపులో కాలు పెట్టే చోటుండదు. ఆదివారం చీకటి పడ్డాక మాత్రం... అక్కడ ఎవరూ నిలబడరు.

ఎందుకంటే, ఆ వేళప్పుడు ఆ ఆఫీసులో ఆవిడ ఉంటుంది.

ముందు అంతా చీకటిగానే ఉంటుందట. కింద అద్దాల హాల్లో కూడా చీకటే. చూస్తూ ఉండగానే — ఉన్నట్టుండి — హాల్లో లైట్లన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి. ఎదురుగా పెద్ద బల్ల. బల్ల వెనక కుర్చీలో ఒక ఆడమనిషి. తల బల్ల మీద వాలిపోయి ఉంటుంది. మొహం కనబడదు, జుట్టే కనబడుతుంది. ఒక చెయ్యి మాత్రం నిటారుగా పైకి లేచి ఉంటుంది...

ఆ చెయ్యి మెల్లగా దిగుతుంది. కాసేపటికి మళ్ళీ చీకటి. ఇంకాసేపటికి మళ్ళీ లైట్లు, మళ్ళీ చెయ్యి.

ఆఖరి బస్సు తప్పిపోయి ఆ స్టాపులోనే ప్రాణం వదిలిన మనిషనీ, ఇప్పటికీ బస్సు ఆపమని చెయ్యెత్తుతోందనీ కొందరంటారు. ఉద్యోగం తీసేస్తే కుర్చీ వదలనని మొండికేసి కూర్చున్న గుమాస్తా అని ఇంకొందరు. ఏదైతేనేం, ఆదివారం సాయంత్రం బస్సు డ్రైవర్లు ఆ స్టాపులో ఆపరు. అక్కడికి రాగానే ఇంకాస్త వేగం పెంచుతారు కూడా.

నేను ఇంట్లో కూర్చుని బట్టలు కుడతాను. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు ఊరికే పోరు, నాలుగు కబుర్లు కూడా ఇచ్చిపోతారు. నా నోట్లో నువ్వుగింజ నానదని మా చెల్లెలు వెక్కిరిస్తుంది. నిజమే, ఒప్పుకుంటాను. ఈ చెయ్యెత్తే ఆవిడ కథ నేను తక్కువలో తక్కువ ముప్పైమందికి చెప్పి ఉంటాను. అయితే గాలికబుర్లు చెప్పే మనిషిని కాను. విన్నదానికి తోడు, నేనూ ఒకసారి కళ్ళారా చూశాను.

చలికాలం. ఆదివారం. కుట్టిన బట్టలు ఇచ్చేసి బస్సులో వస్తున్నాను. పక్కన మా చెల్లెలి కూతురు — ఆరేళ్ళది, అందరం బుడంకాయ అంటాం — కిటికీకి ముక్కు ఆనించి కూర్చుంది. మూల మీద ఎర్ర లైటు పడింది. బస్సు ఆగింది... సరిగ్గా ఆ ఆఫీసు ఎదురుగా.

బస్సంతా చడీచప్పుడూ లేదు. "అటు చూడకండి" అని వెనక సీట్లోంచి ఎవరో గుసగుసగా అన్నారు. చూడకండి అంటే చూడకుండా ఉంటామా?

హాలు చీకటిగా ఉంది. ఒకటి... రెండు... మూడు... వెలిగింది. బల్ల. జుట్టు. చెయ్యి.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అరచేత్తో బుడంకాయ కళ్ళు గట్టిగా మూసేశాను. దాని రెప్పలు నా అరచేతి కింద టపటపలాడాయి. చేతులూ కాళ్ళూ ఆడించేస్తూ గింజుకుంది. "పెద్దమ్మా—" అని నోరు తెరిచింది.

"మాట్లాడకు!" అన్నాను.

లైటు మారింది. బస్సు కదిలింది. ఆ రాత్రి నేను తల దిండుకి ఆనించలేదు. బుడంకాయ మాత్రం నా పక్కన ఆదమరిచి నిద్రపోయింది. పిల్లదానికేం తెలుసులే అనుకున్నాను.

ఇక మా చెల్లెలి సంగతి.

సోమవారం నుంచి శుక్రవారం దాకా మందుల గోడౌనులో అట్టపెట్టెలు కట్టే పని. శని, ఆదివారాలు ఒక ఆఫీసులో రిసెప్షన్. అసలు రిసెప్షనిస్టుకి సెలవు కాబట్టి ఆ రెండు రోజులకీ ఏజెన్సీవాళ్ళు తాత్కాలికంగా మనిషిని పెడతారు. మా మరిది లారీ మీద వెళితే పది రోజులకోసారి ఇంటికొస్తాడు. అందుకని శని, ఆదివారాలు బుడంకాయ నా దగ్గరే.

రెండు పనులూ ఎందుకే, ఒళ్ళు హూనం చేసుకుంటున్నావు అంటే, దాని లెక్క దానికుంది. పన్నెండు వారాంతాలు ఒక్కటీ తప్పకుండా, ఒక్క ఫిర్యాదూ రాకుండా పనిచేస్తే, ఏజెన్సీవాళ్ళు దాన్ని మామూలు రోజుల రిసెప్షన్‌కి తీసుకుంటారు. పక్కా ఉద్యోగం. అప్పుడు గోడౌను మానేయొచ్చు. శని, ఆదివారాలు ఇంట్లో ఉండొచ్చు. మధ్యలో ఏ ఒక్కటి తప్పినా మళ్ళీ మొదటికొస్తుంది.

ఒకరోజు పొద్దున్నే చెప్పులేసుకుంటుంటే బుడంకాయ అడిగిందట, "అమ్మా, ఆదివారం మనదా, ఆఫీసువాళ్ళదా?" అని. చెల్లి బస్సెక్కాక ఏడ్చింది. ఈ మాట నాకు చాన్నాళ్ళ తర్వాత చెప్పింది.

ఏ ఆఫీసే అని అడిగితే "కంటి ఆసుపత్రి పక్కన ఏదో" అంది. పచ్చి అబద్ధం. అది పనిచేసేది మూడు రోడ్ల మూల మీది అద్దాల ఆఫీసులోనే. చెబితే నేను గడప దాటనివ్వనని దానికి తెలుసు. అక్కడేదో ఉందని అది కూడా వింది. నేనే చెప్పబోయాను కదా, మూడుసార్లు! "ఆ మూల మీది అద్దాల ఆఫీసు లేదూ, ఆదివారం చీకటి పడ్డాక..." అని మొదలుపెట్టేదాన్ని. అంతే, చెల్లి గోడకి జారగిలబడి కునుకు తీసేది. మూడుసార్లూ కథ చెయ్యి దాకా వెళ్ళనేలేదు.

ఇప్పుడు చెప్పబోయేది అది చెప్పినదే. ఒక్క ముక్క కలపలేదు.

ఆ భవనంలో లైట్లకి స్విచ్చులుండవు. రెండేళ్ళ కిందట కరెంటు ఆదా అని కదలికను పసిగట్టే లైట్లు పెట్టారు. మనిషి కదిలితే వెలుగుతాయి. పది నిమిషాలు కదలిక లేకపోతే వాటంతటవే ఆరిపోతాయి. శని, ఆదివారాలు వచ్చేవాళ్ళు తక్కువ. శనివారం ఐదింటికే మూసేస్తారు, ఆదివారం మాత్రం రాత్రి ఎనిమిదింటికి. ఒక కొరియర్, ఏసీ బాగుచేసేవాళ్ళు, మర్చిపోయిన బ్యాగు కోసం వచ్చే ఉద్యోగి. చెల్లి పని ఒక్కటే. లోపలికి వెళ్ళినవాళ్ళ పేరు రిజిస్టర్లో రాయడం, బయటికొచ్చినప్పుడు టైము వేయించడం. మధ్యలో గంటలు గంటలు కుర్చీలో ఊరికే కూర్చోవాలి. ఊరికే కూర్చుంటే లైట్లు ఆరిపోతాయి. "మనిషిని కూర్చున్నానని ఆ లైట్లకి కూడా ఆనదక్కా" అనేది.

ఆదివారం సరిగ్గా ఎనిమిదింటికి ఏజెన్సీ సూపర్‌వైజర్ ఫోన్ చేస్తాడు. ఆయన మొహం దీనికి తెలీదు, గొంతే తెలుసు. అందుకని ఫోన్ సారు అని పేరు పెట్టింది. ఆయన అడిగేది ఒకే ప్రశ్న.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు సార్."

అది విన్నాక, ఇది బయటికెళ్ళడానికి ఐదు నిమిషాలిచ్చి, ఆయన తన ఊళ్ళో కూర్చునే ఏదో నొక్కుతాడు, భవనం తలుపులు పొద్దుటి దాకా బిగుసుకుపోతాయి. లోపల మనిషుండగా ఎవరూ లేరని చెబితే ఉద్యోగం పోతుంది. ఎవరో ఉన్నారని చెప్పి, చూపించలేకపోతే అప్పుడూ పోతుంది. దీనికి ముందు ఆరుగురు అలాగే పోయారు. పై అంతస్తులో లైట్లు వాటంతటవే వెలుగుతున్నాయన్నారు. ఫోన్ సారు మనిషిని పంపాడు. ఆ మనిషి వచ్చి వెతికేసరికి పురుగు కూడా లేదు. 'పిరికివాళ్ళు, పనికిరారు' అని రాసి పంపేశారు.

చెల్లికీ కనబడ్డాయి ఆ లైట్లు. నాలుగో ఆదివారం నుంచే.

హాలు నడుమ పైకప్పు దాకా ఖాళీ. కుర్చీలోంచి తలెత్తితే నాలుగు అంతస్తుల వరండాలూ కనబడతాయి. ఆరున్నర ప్రాంతంలో, రిజిస్టర్లో లోపలికెళ్ళినవాళ్ళందరూ బయటికొచ్చేశాక, భవనంలో చీమ కూడా లేనప్పుడు... రెండో అంతస్తు వరండాలో లైటు వెలిగేది. ఎవరూ ఉండరు. పది నిమిషాలకి ఆరిపోయేది. కాసేపాగి మళ్ళీ వెలిగేది.

చెల్లి చూసేది. చూసి, తల దించేసుకునేది. ఎనిమిదింటికి "ఎవరూ లేరు సార్" అనేది. ఆ మాట అంటున్నప్పుడల్లా నాలుక ఎండిపోయేదట. భయపడటానికి కూడా ఓపికుండాలి కదక్కా, నాకు అదీ లేదు అంది.

అలా ఎనిమిది వారాలు నెట్టుకొచ్చింది.

తొమ్మిదో ఆదివారం. పొద్దుట్నుంచీ ముసురు. ఆరింటికే చీకటి. శుక్రవారం గోడౌనులో అదనపు లోడు కట్టిందేమో, నడుం నిలబడటం లేదు. ఏడింటికి రెండో అంతస్తు వెలిగింది. ఆరింది. మళ్ళీ వెలిగింది. మళ్ళీ ఆరింది...

ఆ రోజు ఎందుకో దానికి భయం కంటే కోపం ఎక్కువొచ్చింది. ఇంకా మూడు వారాలే ఉన్నాయి. ఈ మాయదారి లైటు నా బిడ్డ ఆదివారాలు తినేస్తుందా? ఎవరైనా నిజంగా ఉండి, తలుపులు బిగిశాక లోపల ఇరుక్కుపోతే? తేల్చుకుందామని బల్ల మీది ఫోనెత్తి, రెండో అంతస్తు వరండాలో ఉండే ఫోనుకి కలిపింది.

పైన మోగింది. ఖాళీ భవనంలో ఆ మోత గోడగోడకీ తగిలి కిందికి దిగింది. ఒకసారి... రెండుసార్లు... ఐదుసార్లు...

ఎవరూ ఎత్తలేదు.

కానీ లైటు వెలిగింది.

చెల్లి చేతిలోని ఫోను మెల్లగా బల్ల మీద పెట్టింది. చూపు పైనే ఉంది. వరండా చివర వెలిగిన లైటు పక్కనే ఇంకోటి వెలిగింది. దాని పక్కన ఇంకోటి. మెట్ల వైపు వస్తున్నాయి.

అడుగుల చప్పుడు లేదు.

రెండో అంతస్తు మెట్ల లైటు వెలిగింది. ఆ తర్వాత మలుపు లైటు. ఆ తర్వాత... మొదటి అంతస్తు. మెట్ల పక్క గోడ కూడా అద్దమే, కాబట్టి వెలుగు ఒక్కో మెట్టూ దిగడం కనబడుతోంది. మనిషి మాత్రం కనబడటం లేదు. గోడకి అంటుకుని వస్తోందేమో. అసలు వస్తున్నది మనిషేనా?

లేచి పరుగెత్తాలనుకుంది. అరవాలనుకుంది. రెండూ చెయ్యలేదు. ఊపిరి బిగపట్టి కొయ్యబారిపోయి కూర్చుంది. ఎంతసేపు కూర్చుందో తెలీదు. కదలకుండా కూర్చుంటే ఏమవుతుంది?

టక్కున హాల్లో లైట్లు ఆరిపోయాయి.

ఇప్పుడు చెల్లి చీకట్లో ఉంది. ఎదురుగా, ఆఖరి మలుపు దగ్గర, వెలుగు ఆగి ఉంది. ఆ వెలుగు అంచున... గచ్చు మీద... రెండు పాదాలు. చెప్పుల్లేని పాదాలు. నీళ్ళలో నానినట్టు తెల్లగా పాలిపోయి, ముడతలు పడి.

పాదాలు ఒక మెట్టు దిగాయి. ఆగాయి. ఇంకో మెట్టు...

కదిలితే లైట్లు వెలుగుతాయి. వెలిగితే అదేమిటో కనబడుతుంది. కదలకపోతే అది దగ్గరికొచ్చేస్తుంది. చూడటమా, చూడకపోవడమా? బుడంకాయ మొహం కళ్ళముందు మెదిలిందట. దేనికైనా సిద్ధపడి, కళ్ళు గట్టిగా మూసుకుని, తల బల్ల మీద వాల్చేసి... చెయ్యి పైకెత్తింది.

హాలంతా ఒక్కసారిగా వెలిగింది.

కెవ్వున కేక!

ఆ కేక చెల్లిది కాదు.

"బాబోయ్! చెయ్యెత్తే ఆవిడ! నన్నేం చెయ్యకు తల్లీ, నీకు దణ్ణం పెడతాను, నన్ను పోనియ్యి!"

చెల్లి తలెత్తి చూసింది. మెట్ల మీద ఒక పెద్దావిడ చతికిలబడి ఉంది. చెప్పులు రెండూ గుండెకి అదుముకుని, కళ్ళు గట్టిగా మూసుకుని గడగడలాడిపోతోంది. భుజానికి గుడ్డసంచీ. ఒంటి మీద నీలం కోటు — ఆ భవనం ఊడ్చి తుడిచేవాళ్ళ కోటు.

"అమ్మా... నువ్వు మనిషివేనా?" అంది చెల్లి.

ఆవిడ ఒక కన్ను తెరిచింది. "నేను మనిషినే తల్లీ. నువ్వు?"

"నేనూ మనిషినే. రిసెప్షన్."

"మరి ఆ చెయ్యి?"

చెల్లి తన చెయ్యి వైపు చూసుకుంది. అది ఇంకా గాల్లోనే ఉంది.

మొదటి వారాల్లో లైట్లు ఆరితే లేచి నాలుగడుగులు నడిచేదట. నాలుగో వారానికి కాళ్ళలో సత్తువ అయిపోయింది. తల బల్ల మీంచి ఎత్తకుండా, ఊరికే చెయ్యి ఎత్తేది. లైట్లొచ్చేవి. మళ్ళీ కునుకు. పది నిమిషాలకి మళ్ళీ చెయ్యి. అది ఎంతగా అలవాటైపోయిందంటే, ఎత్తుతున్నట్టు దానికే తెలిసేది కాదు. ముందు పనిచేసిన ఆరుగురూ అంతే అయ్యుంటారు. వాళ్ళు మాత్రం ఎక్కడి మనుషులు? వారమంతా ఎక్కడో ఒకచోట చాకిరీ చేసి వచ్చినవాళ్ళే.

పెద్దావిడది ఇంకో కథ. ఆదివారం పొద్దున్నే వెనక తలుపునుంచి వచ్చి, చెల్లి రాకముందే కింది హాలు ముగించి, పై అంతస్తులు తుడుస్తుంది; ఊడ్చేవాళ్ళ పేర్లు రిజిస్టర్లో రాయరు. రెండింటికి పని అయిపోతుంది. రాత్రి తొమ్మిదింటికి ఆసుపత్రిలో ఇంకో పని. ఇంటికెళ్ళి రావాలంటే రెండు బస్సులు మారాలి. వెళ్ళినా, ఉన్న ఒక్క గదిలో రాత్రి కాపలాకి వెళ్ళే అల్లుడు పడుకుని ఉంటాడు. అందుకని రెండో అంతస్తు వరండా చివర సోఫాలో ఎవరికీ తెలియకుండా నడుం వాలుస్తుంది. నిద్రలో పక్కకి తిరిగితే లైటు వెలుగుతుంది. ఆ లైటుకే ఆరుగురి ఉద్యోగాలు పోయాయని ఆవిడకి తెలీదు. ప్రతి ఆదివారం ఏడున్నరకి లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని, ఆవిడ — అంటే చెయ్యెత్తే ఆవిడ — తల వాల్చి ఉన్నప్పుడు గోడ పక్కనుంచి వెనక తలుపుకి పిల్లిలా వెళ్ళిపోయేది.

"రెండేళ్ళలో ఆ ఫోను ఆదివారం ఎప్పుడూ మోగలేదమ్మా. నన్ను తీసుకుపోవడానికే మోగిస్తోందనుకున్నాను" అంది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు పెద్దావిడకి నవ్వొచ్చింది. తర్వాత చెల్లికి. నవ్వుతూ నవ్వుతూ ఏడుపులోకి దిగిపోయిందట చెల్లి. పెద్దావిడ వచ్చి దాని వీపు నిమిరింది. ఆ చేతులు ఫినాయిల్ వాసన వేస్తున్నాయి అని చెప్పింది నాకు.

అప్పుడు గుర్తొచ్చింది. ఎనిమిదింటి ఫోను. పెద్దావిడ సంగతి చెబితే ఆరుగురూ చెప్పింది నిజమేనని తేలుతుంది, చెల్లికి మంచి పేరొస్తుంది. కానీ ఆవిడ పని పోతుంది.

"చెప్పేస్తావా తల్లీ?" అంది పెద్దావిడ నెమ్మదిగా.

చెల్లి గడియారం చూసింది. ఎనిమిదికి ఐదు నిమిషాలు. "చెప్పులేసుకోమ్మా. నీ బస్సు తప్పిపోతుంది" అంది. తనే వెళ్ళి వెనక తలుపు తీసింది. ఆవిడ వాన్లోకి దిగి వీధి మలుపు తిరిగేదాకా నిలబడింది. వచ్చి కుర్చీలో కూర్చునేసరికి ఫోను మోగింది.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు సార్."

ఆ మాట అంటే నాలుక ఎండిపోకపోవడం అదే మొదటిసారి.

మిగతా మూడు ఆదివారాలూ ఇద్దరూ ఏర్పాటు చేసుకున్నారు. పెద్దావిడ హాయిగా పడుకునేది, ఏడింటికి చెల్లి ఫోను మోగించి లేపేది. ఆవిడ కిందికొచ్చి, చెల్లిని లోపలి బల్ల మీద కాసేపు పడుకోమని, కుర్చీలో తను కూర్చునేది. పది నిమిషాలకోసారి తనే చెయ్యెత్తేది. బయట బస్సుల్లో వెళ్ళేవాళ్ళు ఏమనుకుని ఉంటారో! మా చెల్లి తలరాత ఏం చెప్పమంటారు? దాన్ని చూసి భయపడి డ్రైవర్లు ఆ స్టాపులో ఆపకపోతే, ఆదివారాలు అక్కడ బస్సు ఆగదు కాబోలు అనుకుని, పన్నెండు వారాలూ పక్క స్టాపుదాకా నడిచింది.

పన్నెండూ పూర్తయ్యాయి. మామూలు రోజుల ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాత వచ్చిన మొదటి ఆదివారం, మా ఇంట్లో మధ్యాహ్నం పడుకుంటూ పడుకుంటూ ఈ కథంతా చెప్పింది. నేను నోరెళ్ళబెట్టి విన్నాను. ముప్పైమందికి నేను చెప్పిన దెయ్యం నా తోడబుట్టిందే! సిగ్గుతో చచ్చిపోయాను. ఏదో అందామని చూస్తే అప్పటికే నిద్రలోకి జారిపోయింది.

సాయంత్రమైంది. గదిలో చీకటి పడుతోంది. నేను మిషను ఆపి దాని వైపు చూశాను.

నిద్రలోనే... మెల్లగా... దాని చెయ్యి పైకి లేచింది.

అంతా తెలిసి కూడా నా గుండె గుభేలుమంది. ఆ చెయ్యి అలా గాల్లో నిలబడింది, ఏ లైటు కోసమో. బుడంకాయ బొమ్మలు వదిలేసి వచ్చింది. తల్లి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా కిందికి దించి, తన ఒళ్ళో పెట్టుకుంది.

"బస్సులోంచి చూసినప్పుడు కూడా అమ్మ ఇలాగే ఎత్తింది పెద్దమ్మా" అంది, అమ్మకి నిద్రాభంగం కాకుండా గుసగుసగా.

లేచి దాని పక్కకి వెళ్ళాను. "నీకు... అది అమ్మ అని తెలుసా?"

"తెలుసు. నాకు టాటా చెప్పింది. నువ్వే నా కళ్ళు మూసేశావు."

"మరి చెప్పలేదేమే?"

"మాట్లాడకు అన్నావుగా. అమ్మకి చెబుదామంటే అమ్మ ఎప్పుడూ నిద్రపోతుంది." కాసేపు తల్లి వేళ్ళు ఒక్కొక్కటే సవరించింది. "కానీ నేను కూడా చెయ్యెత్తాను పెద్దమ్మా. నువ్వు కళ్ళు మూశాక కూడా ఊపుతూనే ఉన్నాను."